బక్కెన్ వాళ్ళది ఏ ఊరు? నార్వే పూర్వీకుల్ని నల్లకుంటలో కూర్చుని వెతికిన పద్ధతి

పోయిన డిసెంబర్‌లో మా మేనకోడలు పిల్లాడికి అన్నప్రాశన చేయిద్దామని మినియాపొలిస్ నుంచి వచ్చింది. నల్లకుంటలో అక్క వాళ్ళ ఫ్లాట్‌లోనే, ఓ ముప్పై మందిమి. సంకల్పం చెప్పడానికి పంతులుగారు అల్లుడి ఇంటిపేరు, గోత్రం అడిగారు. గోత్రం సంగతి ఆయనే తేల్చేశారు, తెలియనప్పుడు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చని. ఇంటిపేరు ‘బక్కెన్’ అనగానే మా పెద్దమ్మ వెనకనుంచి "బక్కోళ్ళా? ఆరడుగులున్నాడు కదరా!" అంది. ఇల్లంతా ఒకటే నవ్వులు. విషయం చెప్తే అల్లుడూ నవ్వాడు గానీ, ఆ పేరుకి అర్థమేంటో తనకీ తెలీదన్నాడు. ముత్తాత తండ్రి ఎవరో నార్వే నుంచి వచ్చాడట, అంతవరకే తెలుసు.

నాకేమో ఇంటిపేర్ల పిచ్చి. మా ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చిందో తేల్చడానికి తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ చుట్టూ తిరిగినవాణ్ణి. "ఉండు, నేను చూస్తా" అనేశాను. ఐదు నెలలు పట్టింది, అందులో రెండు నెలలు పూర్తిగా తప్పు మనిషి వెనక పడ్డాను. మీ ఇంట్లోనూ అలాంటి అల్లుడో కోడలో ఉంటే, లేదా మనవరాలి స్కూల్‌వాళ్ళు ఫ్యామిలీ ట్రీ గీసుకు రమ్మంటే, ఆ రెండు నెలలు మీకు మిగులుతాయని రాస్తున్నా.

ముందు బుర్రలోంచి ఒక విషయం తీసెయ్యాలి. మనకి ఇంటిపేరంటే వంశం. నందిగామ వాళ్ళు నందిగామ వదిలి నాలుగు తరాలైనా నందిగామ వాళ్ళే, బోడుప్పల్‌లో ఇల్లు కొన్నంత మాత్రాన బోడుప్పల్ వాళ్ళు అయిపోరు. పాతకాలం నార్వే పల్లెల్లో అలా కాదు. అక్కడ పేరు చివర ఉన్నది అడ్రస్. ఇల్లు మారితే అదీ మారుతుంది. ఈ ఒక్క ముక్క ఒంటబట్టకపోవడం వల్లే నా రెండు నెలలు గంగలో కలిశాయి.

వాళ్ళ పేరులో మూడు ముక్కలుంటాయి. ఓలే హాన్సెన్ బక్కెన్ అనుకుందాం. ఓలే అతని పేరు. హాన్సెన్ అంటే హాన్స్ కొడుకు, రేషన్ కార్డులో తండ్రి పేరు గడిని తెచ్చి మన పేరుకే అతికించినట్టు. బక్కెన్ అతను ఉంటున్న పొలం పేరు. ఈ ఓలేకి కొడుకు పుడితే వాడు ఓల్సెన్, కూతురు పుడితే ఓల్స్‌దాత్తెర్. అంటే తండ్రి హాన్సెన్, కొడుకు ఓల్సెన్, మనవడు ఇంకోటి. పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారేది కాదు, చచ్చేదాకా ఫలానా తండ్రి కూతురే. వెతికేవాళ్ళకి ఇది పెద్ద వరం, ఎందుకంటే తల్లి పేరు చూడగానే ఆవిడ తండ్రి పేరు కూడా దొరికేస్తుంది. మన పాత కాగితాల్లో ‘ఫలానావారి భార్య’ అని మాత్రమే రాసిన నాయనమ్మల పుట్టింటి కోసం తంటాలు పడ్డవాళ్ళకి ఈ సుఖం విలువ తెలుస్తుంది.

అందరికీ తరతరాలకీ నిలిచే ఒకే ఇంటిపేరు ఉండాలని నార్వేలో చట్టం వచ్చింది 1923లోనే. పట్నాల్లో వాళ్ళు, చదువుకున్నవాళ్ళు అంతకుముందే స్థిరపరుచుకున్నారు గానీ పల్లెల్లో చాలామంది అప్పటిదాకా పాత పద్ధతిలోనే లాగించారు. అమెరికా వెళ్ళినవాళ్ళకి మాత్రం అక్కడ దిగాక ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఒక తమ్ముడు హాన్సన్ అని పెట్టుకుంటే ఇంకో తమ్ముడు పొలం పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలూ కారు, కలవనంత మాత్రాన పరాయివాళ్ళూ కారు.

ఇక పేరు అర్థం. ఇది తేలిక, పది నిమిషాల పని. బక్కె అంటే వాలుగా ఉన్న గట్టు నేల, చివరి ‘ఎన్’ అంటే ‘ఆ’ అని. ‘ఆ గట్టు’. హౌగెన్ అంటే ఆ దిబ్బ, దాల్ అంటే లోయ, విక్ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న మలుపు, నెస్ అంటే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల. రూద్ అని ముగిస్తే అడవి నరికి బాగుచేసిన చోటు. మన నల్లకుంటలో కుంట, హబ్సిగూడలో గూడ, చిక్కడపల్లిలో పల్లి ఎలాగో అలాగే. ఓలుఫ్ రిగ్ అనే ప్రొఫెసర్ దేశంలోని పొలాల పేర్లన్నీ జిల్లాల వారీగా పోగేసి, పాత రాతల్లో ఏ ఏడాది ఏ స్పెల్లింగ్ ఉందో, అర్థమేంటో రాసిపెట్టాడు. 1897 నుంచి సంపుటాలుగా అచ్చయింది, ఇప్పుడు నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను బక్కెన్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. వరస వరసలు. దేశం నిండా గట్లే, ప్రతి గట్టు మీదా ఒక బక్కెన్. నల్లగొండ జిల్లాలో ‘గూడెం’ ఎక్కడ అని అడిగినట్టయింది నా పని. అర్థం తెలిసింది గానీ మనిషి దొరకలేదు.

కాబట్టి నార్వే సంగతి తర్వాత, ముందు అమెరికా. ఇది ఎవరికీ నచ్చని సలహా, నాకూ నచ్చలేదు. కానీ నాలుగు విషయాలు చేతిలో లేకుండా నార్వే రికార్డుల్లో దిగొద్దు: మనిషి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చర్చి పరిధి. ఇవి దొరికేది ఇంట్లో వాళ్ళ దగ్గరే. పాత బైబిల్ మొదటి పేజీలు, సమాధి రాయి, చనిపోయినప్పుడు ఊరి పేపర్లో వేసిన వార్త. అమెరికా 1900 జనాభా లెక్కల్లో ఏ ఏడాది దేశంలోకి వచ్చారో, ఏ నెలలో పుట్టారో రాసుంటుంది, ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1890 లెక్కలు మాత్రం 1921లో అగ్నిప్రమాదంలో దాదాపు మొత్తం పోయాయి, వాటికోసం టైమ్ వేస్ట్ చేసుకోకండి. అన్నిటికంటే గట్టి ఆధారం అమెరికాలోని నార్వేజియన్ లూథరన్ చర్చిల పుస్తకాలు, పౌరసత్వం కాగితాల్లో ‘నార్వే’ అని ఒక్క మాటతో సరిపెట్టిన చోట ఈ పాస్టర్లు చాలాసార్లు పుట్టిన ఊరు కూడా రాశారు.

నేను ఇదంతా చేశానా? చెయ్యలేదు. అల్లుడు చెప్పిన ‘ఓలే హాన్సెన్ బక్కెన్’ అన్న పేరు, ‘1858 ప్రాంతంలో పుట్టాడు, గుడ్‌బ్రాండ్స్‌దాల్ లోయ అని మా తాత అనేవాడు’ అన్న రెండు ముక్కలు పట్టుకుని నేరుగా నార్వే వాళ్ళ సైట్‌లోకి దూకాను.

ఆ సైట్ పేరు డిజిటల్ ఆర్కివెట్. నార్వే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళది, పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అడగదు, ఇంగ్లీషులో చూసుకునే వీలుంది. జనాభా లెక్కలు, చర్చి పుస్తకాల స్కాన్లు, వలస వెళ్ళినవాళ్ళ జాబితాలు అన్నీ ఒకే చోట. చూస్తుంటే నాకు కడుపు మండింది, మన దగ్గర ఒక పాత పహాణీ కాపీ కోసం ఎన్ని మెట్లెక్కాలో తలుచుకుని.

పేరుపేరునా మనుషుల్ని రాసిన జనాభా లెక్కలు 1801, 1865, 1875, 1900, 1910 సంవత్సరాలవి ముఖ్యం. వందేళ్ళ గోప్యత నియమం కాబట్టి 1920వి 2020 చివర్లో బయటపెట్టారు. 1801కీ 1865కీ మధ్య తీసినవాటిలో ఎక్కువ భాగం తలల లెక్కే, పేర్లుండవు, కాబట్టి ఆ అరవై ఏళ్ళ సందు దాటాలంటే చర్చి పుస్తకాలే గతి. 1865 లెక్కలో వయసు కొంచెం తిరకాసు, మన పెద్దవాళ్ళు ‘ఎనిమిదో ఏడు నడుస్తోంది’ అంటారే, అలా నడుస్తున్న ఏడు రాశారు. ఒకటి తీసేసి చూసుకోవాలి.

వెతికేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలెయ్యండి. మొదటి పేరు, పుట్టిన ఏడాది అటూ ఇటూ రెండేళ్ళు, ప్రాంతం ఇస్తే చాలు. స్పెల్లింగ్‌ని అస్సలు నమ్మకండి: ఓలే, ఓలా ఒకటే, పెదెర్, పెర్ ఒకటే, కారి, కారెన్ ఒకటే, కె బదులు సి-హెచ్, టి బదులు టి-హెచ్, వి బదులు డబ్ల్యూ ఉండొచ్చు. అనుమానం ఉన్న అక్షరం చోట నక్షత్రం గుర్తు పెడితే అన్నీ వస్తాయి. నెత్తిన చిన్న సున్నా ఉన్న ఇంగ్లీషు ‘ఏ’ (å) అక్షరం 1917 స్పెల్లింగ్ సంస్కరణతో వచ్చింది, అంతకుముందు దాని బదులు రెండు ఏ‌లు పక్కపక్కన రాసేవారు. రెండు రకాలుగానూ కొట్టి చూడాలి.

సరే, నా తప్పు. 1865 లెక్కలో ఒక బక్కెన్ అనే చోట హాన్స్ కొడుకు ఓలే, ఎనిమిదో ఏడు. ఎగిరి గంతేశాను. అతని తండ్రి, తాత, ముత్తాత అంటూ 1700ల దాకా వెళ్ళిపోయాను, రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని, మా ఆవిడ "ఎవరి తాతకోసం నీ కళ్ళు పోగొట్టుకుంటావు" అని లైటు ఆర్పేసేదాకా. చార్ట్ గీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, యాభై లైకులు. తర్వాత వేరే ఎవరిదో మరణం వెతుకుతూ అదే చర్చి పుస్తకం తిప్పుతుంటే, 1870 సమాధుల పేజీలో ఓలే హాన్సెన్ బక్కెన్, వయసు 12. అదే తండ్రి, అదే పొలం. పన్నెండేళ్ళకే పోయిన పిల్లాడు 1881లో ఓడెక్కి అమెరికా ఎలా వెళ్తాడు? గ్రూపులో చార్ట్ డిలీట్ చేసే టైమ్ కూడా దాటిపోయింది. అప్పట్నుంచీ నా రూల్ ఒకటే, ఎవరినైనా మన మనిషి అని ఖాయం చేసే ముందు తర్వాతి ఇరవై ఏళ్ళ సమాధుల పేజీలు చూడాల్సిందే. బోరు కొడుతుంది, నిజమే.

చర్చి పుస్తకాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, సరుకంతా అక్కడే ఉంది. ఒక్కో పరిధికి రెండు పుస్తకాలుండేవి, పాస్టర్ రాసేది ఒకటి, చర్చి గుమాస్తా రాసేది ఒకటి. అగ్నిప్రమాదంలో రెండూ పోకుండా రాత్రిపూట ఒకే కప్పు కింద ఉంచకూడదని నియమం. ఒకదాంట్లో సిరా చెదిరిపోతే రెండోది తెరవండి. పుట్టుకల పేజీలో పిల్లాడి పేరు, పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, తల్లిదండ్రులు, వాళ్ళ పొలం, ఆ తర్వాత నలుగురైదుగురు సాక్షుల పేర్లు. ఆ సాక్షుల్ని వదిలెయ్యకండి, ఎక్కువమంది మేనమామలో పిన్నులో అయ్యుంటారు, వాళ్ళ పొలాల పేర్లే తల్లి పుట్టిల్లు ఎక్కడో పట్టిస్తాయి.

పద్నాలుగు పదిహేనేళ్ళకి ప్రతి పిల్లాడూ చర్చిలో పరీక్షలాంటి ధృవీకరణకి నిలబడాలి, 1736 నుంచి అది తప్పనిసరి. ఆ పేజీలో పుట్టిన తేదీ, తల్లిదండ్రులు మళ్ళీ వస్తాయి, మతపాఠాలు ఎంతబాగా వచ్చో మార్కుల్లాంటి మాట ఉంటుంది, 1810లో మశూచి టీకా తప్పనిసరి చేశాక టీకా వేయించుకున్న తేదీ కూడా. రెండు వందల ఏళ్ళనాటి పల్లెటూరి పిల్లాడి టీకా సర్టిఫికెట్! మొన్నటి మన కోవిడ్ సర్టిఫికెట్ ఏ ఫోన్‌లో ఉందో నాకే గుర్తులేదు.

1800ల మొదట్లో అచ్చు ఫారాలు వచ్చాక చదవడం సులువు. అంతకుముందువి గోతిక్ చేతిరాతలో ఉంటాయి, మొదటి వారం ఏమీ అర్థం కాదు, అలవాటు పడాలంటే ముందు తెలిసిన పేరొకటి పట్టుకుని అదే పాస్టర్ ఆ అక్షరాల్ని ఎలా రాస్తాడో కాగితం మీద దించుకోండి. అసలు చిక్కు తేదీలతో. ‘ట్రినిటీ తర్వాత మూడో ఆదివారం’ అని ఉంటుంది, తేదీ ఉండదు. పాశ్చాత్యులకి ఇది తలనొప్పేమో గానీ ‘మాఘ శుద్ధ ఏకాదశి గురువారం’ అని తాతగారి పుట్టినరోజు చెప్పుకునే ఇంటివాళ్ళకి కొత్తేం కాదు. ఆ ఏడాది ఈస్టర్ ఏ రోజో నెట్‌లో చూసుకుంటే ట్రినిటీ ఆదివారం దానికి సరిగ్గా ఎనిమిది వారాల తర్వాత వస్తుంది, అక్కణ్ణుంచి లెక్కేసుకోవడమే.

పిల్లల పేర్లు కూడా ఆధారమే. మొదటి కొడుక్కి నాన్న వైపు తాత పేరు, రెండోవాడికి అమ్మ వైపు తాత పేరు, ఆడపిల్లలకి నాయనమ్మా అమ్మమ్మల పేర్లు. మనదే ఆచారం అనుకున్నాం ఇన్నాళ్ళూ. పెద్దకొడుకు పేరు చూసి తాత పేరు ఊహించవచ్చు, తర్వాత రికార్డుతో సరిచూసుకోవాలి. ఇద్దరు తాతల పేరూ ఓలే అయితే బతికున్న అన్నదమ్ములిద్దరికీ అదే పేరు పెట్టిన ఇళ్ళున్నాయి, జాగ్రత్త. భార్య చనిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, రెండో భార్యకి పుట్టిన మొదటి కూతురికి చాలాసార్లు ఆ చనిపోయినావిడ పేరే పెట్టేవారు.

తప్పు తేలాక బుద్ధి తెచ్చుకుని మళ్ళీ అమెరికా వైపు వెళ్ళాను. అల్లుడి మేనత్త ఎక్కడో అట్టపెట్టెలో ఉన్న ధృవీకరణ పత్రాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పంపింది. మడతల దగ్గర చిరిగింది, కానీ పుట్టిన తేదీ, చర్చి పరిధి పేరు చక్కగా కనిపిస్తున్నాయి. ఆ పరిధి పుట్టుకల పుస్తకం తెరిస్తే అదే తేదీన ఓలే, తండ్రి హాన్స్. పొలం పేరు మాత్రం బక్కెన్ కాదు, మూఎన్! చదును మైదానం అని అర్థం. 1865లో కూడా అదే మూఎన్ పొలం కింద ఉన్నారు. 1875కి కుటుంబం బక్కెన్‌కి మారింది. అంటే మా అల్లుడి ఇంటిపేరు, ఓడెక్కేనాటికి ముత్తాత తండ్రి కొన్నేళ్ళుగా ఉంటున్న ఒక గుడిసె అడ్రస్. నేను బక్కెన్ అని ఎన్ని జన్మలు వెతికినా పుట్టుక దొరికేది కాదు.

గుడిసె అని ఎందుకన్నానంటే, తండ్రి వృత్తి గడిలో ‘హుస్మన్’ అని ఉంది. పెద్ద రైతు తన పొలం అంచున చిన్న ఇల్లు, కాస్త నేల ఇస్తాడు, బదులుగా వాళ్ళు ఆయన పొలంలో పని చెయ్యాలి. నేల సొంతం కాదు. సొంత పొలమైతే పెద్దకొడుక్కే మొదటి హక్కు, మిగతావాళ్ళు హుస్మన్‌లు అవ్వాలి లేదా ఊరొదలాలి. అందుకే మనవాళ్ళ చార్ట్‌లో పొలం పేరు కనబడగానే ‘జమీందార్లు’ అని మురిసిపోవద్దు, వృత్తి గడి చూడండి.

వెళ్ళిపోయిన ఆధారం రెండు చోట్ల దొరుకుతుంది. చర్చి పుస్తకం చివర్లో ‘పరిధి వదిలి వెళ్ళినవాళ్ళు’ అనే జాబితా, అమెరికా వెళ్ళేవాళ్ళయితే అలాగే రాసుంటుంది. రెండోది రేవు పట్టణాల పోలీసులు రాసిన వలస రిజిస్టర్లు, క్రిస్టియానియాలో 1867 నుంచి ఉన్నాయి. క్రిస్టియానియా అంటే ఇప్పటి ఓస్లోనే, 1925లో పేరు మారింది. మొదటి వలస ఓడ రెస్టారాసియోనెన్ 1825 జూలై 4న స్తవాంగెర్ నుంచి 52 మందితో బయల్దేరింది, ఆ తర్వాత వందేళ్ళలో దాదాపు 8 లక్షల మంది వెళ్ళారు. మా ఓలే 1881లో, వలస బాగా ముదిరిన రోజుల్లో. మామూలు దారి క్రిస్టియానియా నుంచి ఇంగ్లండ్‌లో హల్, అక్కణ్ణుంచి రైల్లో లివర్‌పూల్, అక్కడ పెద్ద ఓడ. "ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తా మా పేరు మార్చేశాడు" అని చాలా ఇళ్ళలో చెప్పుకుంటారు, అల్లుడి వాళ్ళింట్లో కూడా. ఎల్లిస్ ద్వీపం తెరిచిందే 1892లో. అక్కడి గుమాస్తాలు కూడా ఓడవాళ్ళు తెచ్చిన జాబితా చూసి టిక్కు పెట్టినవాళ్ళే. పేర్లు మార్చుకున్నది ఎక్కువగా వాళ్ళంతట వాళ్ళే, దిగిన తర్వాత.

ఇంత దొరికాక మిగిలింది ఊరి పుస్తకం. నార్వేలో చాలా ప్రాంతాలకి పొలం పొలానికీ ఎవరెవరు ఉన్నారో రాసిన స్థానిక చరిత్రలున్నాయి, బిగ్దెబోక్ అంటారు. అన్నీ నెట్‌లో ఉండవు, అక్కడి లైబ్రరీకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టండి. పొలం నంబర్, కుటుంబ పెద్ద పేరు, ఏడాది రాసి ఒకే ప్రశ్న అడగండి, కథంతా రాయకండి. నాకు నాలుగు రోజుల్లో సంబంధిత పేజీల స్కాన్ వచ్చింది. డీఎన్ఏ టెస్ట్ చేయించాలా అని అల్లుడు అడిగాడు, అది దూరపు కజిన్లని చూపిస్తుంది గానీ పొలం పేరు చెప్పదు, డబ్బులు మిగిలితే చివర్లో చూసుకోమన్నాను.

ఈసారి గ్రూపులో చార్ట్ పెట్టే ముందు 1865 పేజీ ఇంకోసారి తెరిచాను. పక్క గడులు మొదట్లో పట్టించుకోలేదు, ఆ ఏడాది లెక్కలో పశువులు, విత్తిన గింజలు కూడా రాశారు. హాన్స్ ఇంట్లో ఆరుగురు. ఆవు 1, గొర్రెలు 3. బార్లీ విత్తనం పావు పీపా, బంగాళదుంపలు ఒక పీపా. తెలుగులో రాసి అక్కకి వాట్సాప్ చేశాను. పది నిమిషాలకి ఫోన్.

"ఆరుగురికి ఒక్క ఆవేంట్రా," అంది. "మరి పిల్లలకి పెరుగు?"